కాపలా కెమేరాల లిపి

పెద్దపల్లి జిల్లాలోని రామగిరికి ఆ పేరు అచటి కొండవలన వచ్చినది. కొండమీద పాత కోట కలదు. చుట్టుప్రక్కల నేల అడుగున బొగ్గు కలదు. కోట కట్టినవారికి బొగ్గుతో పని లేదు. వారికి కావలసినది ఎత్తు. బురుజుపై నిలిచిన కావలివాడు దూరమున లేచిన దుమ్మును చూచి, వచ్చునది దండో పశువుల మందయో చెప్పవలెను. అతడు చూచినది అతని నోటిమాటగా మాత్రమే మిగులును. మరునాడు "నీవు నిజముగా చూచితివా?" అని ఎవరైన అడిగినచో చూపుటకు అతనియొద్ద ఏమియు ఉండదు.

ఇప్పుడు ఆ కొండ పరిసరములయందు సింగరేణి సంస్థవారి గనులు, కాలనీలు వెలసినవి. రామగుండము, గోదావరిఖని మొదలు సెంటినరీ కాలనీ వరకు గల ఈ బొగ్గు ప్రాంతములో కావలివాని పనిని చాలవరకు కెమేరా చేయుచున్నది. జనులు దానిని సీసీ కెమేరా అందురు. దుకాణము గుమ్మముపైన, బజారు కూడలిలో, బొగ్గు లారీలు తూగు కాటాలవద్ద అది కనబడును. కెమేరా కంటికి కనబడును గాని, దాని వెనుక పనిచేయు సాఫ్టువేరు కనబడదు. చిత్రమును అందుకొనుట, దాచుట, వెదకి తీయుట దాని పనులు.

చూచుట, దాచుట, మరల చదువుట అను మూడును వేరువేరు విద్యలు. మొదటిది 1942లోనే సాధ్యమయ్యెను. రెండవది 1956లో కుదిరినది. మూడవది, అనగా ఒక యంత్రము దాచిన చిత్రమును వేరొక యంత్రము తడబడక చదువుట, నేటికిని పూర్తిగా కుదురలేదు. ఈ మూడవ విద్య చరిత్రయే అన్నిటికంటె ఆసక్తికరమైనది.

రాకెట్టు దగ్గర మొదటి కన్ను

జర్మనీలో బాల్టిక్ సముద్రతీరమున పీనెముండె అను చోట రెండవ ప్రపంచయుద్ధ కాలమున రాకెట్లను పరీక్షించుచుండిరి. తరువాత వి-2 అని పేరుపడిన ఆ రాకెట్టు నేలమీదనే ప్రేలిపోవుట తరచుగా జరుగుచుండెను. దగ్గర నిలిచి చూచుట ప్రాణాపాయము. 1942లో వాల్టర్ బ్రూఖ్ అను ఇంజనీరు రాకెట్టు సమీపమున టెలివిజను కెమేరాలను నిలిపి, తీగెలద్వారా దూరముననున్న గదిలోనికి చిత్రమును రప్పించెను. ఈ చిత్రము ఆకాశములోనికి ప్రసారము కాదు. కెమేరానుండి తెరకు, తెరనుండి చూచువారికి, అంతే. క్లోజ్‌డ్ సర్క్యూట్ టెలివిజను అను పేరునకు అర్థమిదియే. "సీసీ" అను రెండక్షరములు దాని శేషము.

బ్రూఖ్ పేరు భారతీయులకు ఇంకొక విధముగా కూడ చుట్టమే. 1960వ దశకములో ఆయన రూపొందించిన పాల్ అను రంగుల టెలివిజను పద్ధతినే 1982లో దూరదర్శన్ అవలంబించినది. అమెరికావారిది ఎన్.టి.ఎస్.సి. అను వేరొక పద్ధతి. పాల్ చిత్రమునకు 625 గీతలు, సెకనుకు 25 చిత్రములు. అమెరికా చిత్రమునకు 525 గీతలు, సెకనుకు 30 చిత్రములు. డల్లాసులోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగువారు బిడ్డ పుట్టినరోజు కాసెట్టును స్వగ్రామమునకు పంపినపుడు, అది ఇచటి యంత్రములో పెట్టగా తెరపై గీతలు దొరలుటయే గాని బిడ్డ ముఖము కనబడకుండుట ఆ తరమువారెరిగినదే. కాసెట్టు చెడలేదు, యంత్రము చెడలేదు. రెండింటి లిపులు వేరు.

పీనెముండె కెమేరాకు జ్ఞాపకము లేదు. తెరపై చిత్రము వచ్చిపోయెడిది. దాచవలెనన్నచో తెరయెదుట సినిమా కెమేరా పెట్టవలసినదే. టెలివిజను చిత్రమును అయస్కాంతపు టేపుమీద నిలుపుట 1956లో అమెరికాలో ఆంపెక్స్ కంపెనీవారు సాధించిరి. చార్లెస్ గిన్స్‌బర్గ్ ఆ బృందమునకు నాయకుడు. పాటకంటె చిత్రమునకు సమాచారము చాల హెచ్చు. కావున టేపు తలకు ఎదురుగా మిక్కిలి వేగముగా కదలవలెను. టేపునే అంత వేగముగా లాగినచో గంట కార్యక్రమమునకు అనేక మైళ్ల టేపు పట్టును. ఆంపెక్స్‌వారు ఒక యుక్తి పన్నిరి. టేపును సెకనుకు 15 అంగుళముల చొప్పున నెమ్మదిగానే నడపిరి. దానికి అడ్డముగా నాలుగు తలలు గల చిన్న చక్రమును నిమిషమునకు 14,400 సార్లు త్రిప్పిరి. అందుచేత తలకును టేపునకును మధ్య వేగము సుమారు నూరు రెట్లు హెచ్చెను.

యంత్రము పనిచేసెను. కాని మొదటి నెలలలోనే ఒక చిక్కు బయటపడెను. ఒక యంత్రముమీద వ్రాసిన టేపును మరియొక యంత్రములో పెట్టినచో చిత్రము సరిగా రాదు. అవి ఒకే కంపెనీవి, ఒకే నమూనావి. అయినను నాలుగు తలల అమరికలో వెండ్రుకవాసి తేడా చాలెను. ఏ తలల చక్రము వ్రాసినదో ఆ చక్రమే చదువవలెను. కావున టెలివిజను కేంద్రములవారు టేపుతోబాటు ఆ తలల చక్రమును కూడ విప్పి భద్రపరచవలసి వచ్చినది! వ్రాసిన కలముతోనే చదువవలెనన్నట్టి ఈ కష్టము తలల తయారీలో కొలతలు స్థిరపడినంతనే తీరినది. అయినను చిత్రములను దాచు విద్య పుట్టిననాడే ఈ సమస్యయు దానితో కవలగా పుట్టినదని గుర్తుంచుకొనదగినది.

కాసెట్టుల కాలము

1975లో సోనీవారి బీటామాక్స్, 1976లో జె.వి.సి.వారి వి.హెచ్.ఎస్. వచ్చినవి. ఒకదాని కాసెట్టు మరియొకదానిలో పట్టను కూడ పట్టదు. తుదకు వి.హెచ్.ఎస్. నెగ్గినది; తెలుగునాట పెండ్లి వీడియోలన్నియు దానిలోనే నిలిచినవి. కాపలా పనికి కూడ అదే కాసెట్టును వాడిరి. కాని పెండ్లి మూడు గంటలలో ముగియును, కాపలా ముగియదు. మూడు గంటల కాసెట్టును ఇరువదినాలుగు గంటలు సాగదీయుటకు టైమ్‌ల్యాప్స్ రికార్డరులను చేసిరి. టేపు ఎనిమిది రెట్లు నెమ్మదించును; సెకనుకు 25 చిత్రములకు బదులు సుమారు మూడు మాత్రమే పడును.

అది చాలక, పదునారు కెమేరాలను ఒకే టేపునకు కట్టిరి. మల్టిప్లెక్సరు అను పెట్టె ఒక్కొక్క కెమేరా చిత్రమును వంతులవారీగా టేపుమీద వేయును. విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును: సెకనుకు మూడు చిత్రములు, పదునారు కెమేరాలు, కావున ఒక్కొక్క కెమేరాకు సుమారు అయిదు సెకనులకొక వంతు. సామాన్యముగా నడచు మనిషి అయిదు సెకనులలో ఏడు మీటర్లు పోవును. రెండు వంతుల నడుమ అతడు ఒక గుమ్మములో ప్రవేశించి ఆవలికి పోవచ్చును. టేపులో అతని జాడయే ఉండదు. "రికార్డు అయినది" అను మాటకును "జరిగినదంతయు రికార్డు అయినది" అను మాటకును గల దూరము ఈ ఏడు మీటర్లే.

అంతేగాక ఏ చిత్రము ఏ కెమేరాదో తెలుపుటకు మల్టిప్లెక్సరు ప్రతి చిత్రములో ఒక రహస్యపు గుర్తును చేర్చెడిది. ఆ గుర్తు కంపెనీకొక తీరు. ఒక కంపెనీ పెట్టె వ్రాసిన టేపును వేరు కంపెనీ పెట్టె విడదీయలేదు. పదునారు కెమేరాలు ఒకదానిపై నొకటి గిరగిర తిరుగుచు కనబడును. ఆంపెక్స్ తలల చక్రము రూపము మార్చుకొని మరల వచ్చినట్లయ్యెను. ఈసారి కొలతలలో లోపము లేదు. కంపెనీలు కోరి పెట్టుకొన్న గోడ ఇది.

కామిశెట్టి రామమోహనరావు, మరి ఇద్దరు

చిత్రమును టేపునుండి తప్పించి కంప్యూటరులోనికి తేవలెనన్నచో దానిని అంకెలుగా మార్చవలెను. ఎన్ని అంకెలు? పాల్ చిత్రము 720 నిలువు వరుసలు, 576 అడ్డువరుసలు గల చుక్కల పట్టిక అనుకొనుడు. మొత్తము 4,14,720 చుక్కలు. చుక్కకు రెండు బైట్లు, సెకనుకు 25 చిత్రములు: సెకనుకు రెండు కోట్ల ఏడు లక్షల బైట్లు. ఒక దినమునకు సుమారు 1,790 గిగాబైట్లు. ఒక్క కెమేరాకు ఇంత! ఈ లెక్కతో కాపలా చిత్రములను కంప్యూటరులో దాచుట ఎవరి శక్యమును కాదు.

ఈ భారమును దించిన గణితము 1974 జనవరిలో మూడు పేర్లతో ప్రకటింపబడినది: నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. అహ్మద్ బెంగళూరున జన్మించి అమెరికాలో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో ఆచార్యులుగా నుండెను. ఈ పరిశోధనకు ధనసహాయము కోరగా అమెరికా జాతీయ విజ్ఞాన ప్రతిష్ఠానమువారు నిరాకరించిరి. అయినను ఆయన ఆ పనిని విడువలేదు. మూడవవారు కామిశెట్టి రామమోహనరావు. 1966నుండి టెక్సాస్ రాష్ట్రములో ఆర్లింగ్టన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులు, 2021లో స్వర్గస్థులైరి. ఆ పేరు తెలుగువారి చెవికి పరాయిదిగా తోచదు. తమ వీథిలోని సీసీ కెమేరా నిమిషనిమిషమును వాడుకొను లెక్కకు కర్తలలో కామిశెట్టివారొకరని మన పాఠశాలలలో ఎందరికి తెలియును?

ఆ లెక్కకు డిస్‌క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అని పేరు. దాని సారము ఇది. చిత్రమును ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు గల చిన్న గళ్లుగా విభజింతురు. గడికి 64 చుక్కలు, కావున 64 అంకెలు. ఈ 64 అంకెలను, త్రికోణమితిలోని కొసైన్ అలల కూడికగా వ్రాయవచ్చును. మొదటి అంకె గడి మొత్తము సగటు వెలుగును తెలుపును. తరువాతివి మెల్లగా మారు వెలుగునీడలను, చివరివి మిక్కిలి సన్నని గీతలను తెలుపును. సున్నము కొట్టిన గోడలో ఒక గడి తీసికొనుడు. 64 చుక్కలును ఒకే తెలుపు. అపుడు మొదటి అంకె ఒక్కటే మిగిలి, తక్కిన 63 సున్నలగును. 64 అంకెల పనిని ఒక్క అంకె చేసినది! నిజమైన చిత్రములో ఇంత సులువుగా ఉండదు గాని, ఆకాశము, నేల, గోడ మొదలైన చోట్ల చాలవరకు ఇట్లే జరుగును. సన్నని గీతలలో కొంత పోయినను కన్ను పట్టదు.

దీనికి రెండవ యుక్తి తోడయ్యెను. కాపలా కెమేరా కదలదు. దాని యెదుట గుమ్మము, చెట్టు, రోడ్డు నిన్న ఉన్నచోటనే నేడును ఉండును. కావున అప్పుడప్పుడు ఒక పూర్తి చిత్రమును వ్రాసి, తరువాతివాటిలో మారినదానిని మాత్రమే వ్రాసిన చాలును. ఈ రెండు యుక్తులను కలిపి 1980వ దశకము చివరను హెచ్.261, 1993లో ఎంపెగ్-1, 2003లో హెచ్.264, 2013లో హెచ్.265 అను ప్రమాణములను అంతర్జాతీయ సంఘములు స్థిరపరచినవి. హెచ్.264తో పై చిత్రమును సెకనుకు 20 లక్షల బిట్లలో ఇముడ్చవచ్చును. అనగా దినమునకు 1,790కి బదులు 21.6 గిగాబైట్లు. పదునారు కెమేరాలు, ముప్పది దినములు: 10,368 గిగాబైట్లు. బజారులో దొరకు రెండుమూడు డిస్కులలో అది పట్టును. కెమేరా కిరాణా దుకాణము గుమ్మమెక్కుటకు కారణము ఈ భాగహారమే.

కెమేరాకు ఇంటిపేరు, చిరునామా

1991లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో కొందరు పరిశోధకులు వేరొక గదిలోనున్న కాఫీకుండ నిండినదో లేదో చూచుటకు ఒక కెమేరాను కంప్యూటరునకు తగిలించిరి. వట్టి కుండను చూచుటకు మెట్లు దిగుట వారికి విసుగైనది. 1993లో ఆ చిత్రము ఇంటర్నెట్టులోనికి ఎక్కి, లోకమంతయు ఆ కాఫీకుండను చూచినది. పెద్ద సాధనములకు పుట్టుక ఒక్కొక్కసారి ఇట్టి సోమరితనములోనే కలదు. 1996లో స్వీడనులోని ఆక్సిస్ కంపెనీవారు కంప్యూటరు అవసరము లేక నేరుగా నెట్‌వర్కు తీగెకు తగులుకొను కెమేరాను అమ్మిరి. పెద్ద చిత్రమైనచో అది 17 సెకనులకు ఒక్కటి మాత్రమే పంపగలిగెడిది. అయినను దారి తెరచుకొనెను: కెమేరాకు నెట్‌వర్కులో తన చిరునామా ఏర్పడెను, దానిని చూచు సాఫ్టువేరు ఏ కంప్యూటరులోనైన ఉండవచ్చును.

ఉండవచ్చును అనుట సులభము. నిజమునకు పదేండ్లపాటు ప్రతి కంపెనీ కెమేరాయు తన భాషలో మాటలాడెను. ఒకరి కెమేరాను మరియొకరి సాఫ్టువేరు నడుపవలెనన్నచో ఆ కెమేరా కొరకు ప్రత్యేకముగా ఒక దుబాసీ ప్రోగ్రాము వ్రాయవలెను. సాఫ్టువేరువారి ప్రకటనలలో "మేము ఇన్ని వందల నమూనాలను చదువుదుము" అని చెప్పుకొనుట గొప్పగా నుండెను. 2002లో వెలువడిన జోన్‌మైండరు వంటి బహిరంగ సాఫ్టువేరులను నడపువారు ఈ కష్టమును మరింత అనుభవించిరి. కంపెనీలు తమ భాష వ్యాకరణమును బయటపెట్టవు గదా.

పూర్వము కాజీపేట–బల్హార్షా పెద్ద లైనుమీద సికిందరాబాదు చేరిన సరకు మన్మాడువైపు మీటరుగేజి లైనుమీద పోవలెనన్నచో ఒక బండినుండి దింపి మరియొక బండిలోనికి ఎత్తవలసి యుండెను. రెండును రైలుబండ్లే, రెండింటిలోను అదే సరకు. పట్టాల నడుమ దూరము వేరు. కూలి, కాలము, దారిలో రాలిన సరకు, ఇవన్నియు ఆ దూరమునకు చెల్లించిన సుంకము.

2008లో ఆక్సిస్, బాష్, సోనీ కంపెనీలవారు కలిసి ఆన్‌విఫ్ అను సంఘమును స్థాపించి ఒక ఉమ్మడి భాషను నిర్ణయించిరి. దానిలో ముఖ్యముగా మూడు మెట్లు గమనింపదగినవి. మొదటిది కనుగొనుట: నెట్‌వర్కులో కెమేరాలెవరు ఉన్నారని సాఫ్టువేరు కేకవేయగా అవి పలుకవలెను. రెండవది అందుకొనుట: చిత్రప్రవాహము ఏ చిరునామాలో దొరకునో కెమేరా చెప్పవలెను, ప్రవాహము నడచుటకు 1998లో స్థిరపడిన ఆర్.టి.ఎస్.పి. అను పద్ధతి వాడుదురు. మూడవది నడపుట: కెమేరాను ఎడమకు, కుడికి త్రిప్పుట, దానినుండి హెచ్చరికలు స్వీకరించుట. ఈ సంఘమువారు ఒకేసారి అన్నిటిని కోరక, ప్రొఫైలులను పేరుతో కట్టలు కట్టిరి. ప్రొఫైల్ ఎస్ ప్రత్యక్షచిత్రమునకు, ప్రొఫైల్ జి దాచిన చిత్రమునకు, ప్రొఫైల్ టి హెచ్.265 వంటి క్రొత్త కుదింపులకు సంబంధించినవి. పెట్టెమీద "ఆన్‌విఫ్" అని మాత్రమే యున్నచో కొనువారికి తెలిసినది కొంచెమే. ఏ ప్రొఫైలు అని అడుగవలెను.

ఉమ్మడి భాష వచ్చినంతమాత్రమున గోడలు పూర్తిగా కూలలేదు. చాల రికార్డరుల తెరను కంప్యూటరులో చూచుటకు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అను బ్రౌజరు తప్ప పనికిరాకుండెను. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్‌వారు దానిని విరమింపగా, గోడమీద కెమేరా, డిస్కులో చిత్రము చక్కగా ఉండియు, చూచుటకు దారి మూసికొనిపోయిన కార్యాలయములు ఎన్నో. మరికొన్ని రికార్డరులు చిత్రమును తమ సొంత మూటలో కట్టి ఇచ్చును. ఆ మూట విప్పుటకు ఆ కంపెనీ ప్రోగ్రామే కావలెను. కంపెనీ మూతపడినచో మూట మూటగానే మిగులును.

ఇంతకంటె మోసకరమైనది గడియారము. రెండు రికార్డరులు ఒకే సంఘటనను వేరువేరు కోణములనుండి చూచినవనుకొనుడు. ఒకదాని గడియారము నాలుగు నిమిషములు ముందున్నది. లారీ కాటాను దాటకమునుపే గేటు దాటినట్లు రికార్డు చెప్పును! నెట్‌వర్కులోని ఒక గడియారమును అన్ని కెమేరాలును అనుసరించు ఏర్పాటు ప్రతి మంచి సాఫ్టువేరులోను కలదు. దానిని ఆన్ చేయువారే అరుదు.

బాయిలోనికి దిగిన కెమేరా

బొగ్గు ప్రాంతపు కార్మికులు గనిని బాయి అందురు. భూమిపైన కెమేరాకు పనికివచ్చిన సూత్రములు బాయిలో తలక్రిందులగును. బొగ్గునుండి మీథేను వాయువు వెలువడును. గాలిలో అది సుమారు 5 నుండి 15 శాతము వరకు ఉన్నపుడు నిప్పురవ్వ తగిలినచో ప్రేలును. కావున సామాన్యమైన కెమేరాను లోపలికి కొనిపోరాదు. లోపల రవ్వ పుట్టినను వెలుపలికి మంట పోనీయని మందమైన పెట్టెలో దానిని అమర్చవలెను; లేదా రవ్వ పుట్టించునంతటి శక్తియే దానిలో లేకుండ చేయవలెను. అట్టివాటికి గనుల భద్రతా డైరెక్టరు జనరల్ కార్యాలయపు అనుమతి అవసరము.

ఇంకొక నియమము కలదు. గాలిలో మండు వాయువు 1.25 శాతమును మించినచో ఆ భాగమునకు విద్యుత్తును వెంటనే ఆపివేయవలెను. రవ్వ పుట్టింపని వాయుపరీక్షా సాధనములకు మాత్రము మినహాయింపు కలదు. దీని ఫలితము విచిత్రమైనది: ప్రమాదము దగ్గరపడినపుడే కెమేరా గ్రుడ్డిదగును, వాయుమాపకము మేలుకొని యుండును. ఇది నియమములోని లోపము కాదు. చూపుకంటె ప్రాణము ముఖ్యము. కాని కెమేరా ఉన్నది గదా యని ధైర్యపడువారు ఈ సంగతిని మరువరాదు.

సాఫ్టువేరునకు కూడ ఇచట క్రొత్త పాఠము నేర్పవలెను. సామాన్యముగా కదలికను పసిగట్టు సాఫ్టువేరు వరుసగా వచ్చు రెండు చిత్రములను చుక్కచుక్కకు తీసివేసి చూచును. తేడా ఒక హద్దు దాటినచో "ఏదో కదలినది" అని హెచ్చరించును. ఆ హెచ్చరికకు పది సెకనులముందు చిత్రమును కూడ ఇచ్చుటకు అది ఎల్లప్పుడును కొంతభాగమును జ్ఞాపకములో త్రిప్పుచుండును. ఇండ్లవద్ద ఈ విద్య సాలెపురుగు కెమేరా యెదుట గూడు అల్లినను, లారీ దీపము గోడపై పడినను మోసపోవును. బొగ్గు బెల్టువద్ద అది బొత్తిగా పనికిరాదు, ఏలయనగా బెల్టు కదలుటయే సహజము. అచట ఆగిపోవుటయే సంఘటన. సూత్రమును తిరుగవేసి, కదలిక లేనపుడు హెచ్చరింపుమని చెప్పవలెను. పైగా బొగ్గుధూళి అద్దమును కప్పును. కార్మికుని తలదీపము సూటిగా తగిలినచో చిత్రమంతయు తెల్లబోవును. అద్దము మసకబారినదని తానే తెలిసికొని చెప్పు గుణము గల సాఫ్టువేరు, ముఖములను గుర్తించు ఆడంబరము గల సాఫ్టువేరుకంటె బాయిలో ఎక్కువ విలువైనది.

కెమేరా చూడలేనివి కూడ కలవు. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7-ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొరబడి 17 మంది మరణించిరి. అదే సంవత్సరము అక్టోబరులో 8-ఎ గనిలో పైకప్పు కూలి 10 మంది మరణించిరి. 2022 మార్చి 7న రామగిరి మండలములోని అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలి పలువురు చిక్కుకొనగా ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. గోడకావల నిలిచిన నీరుగాని, కప్పు లోపలి పొరలలో సాగు చీలికగాని కెమేరాకు కనబడవు. వాటికి కొలతల సాధనములు వేరు: కప్పులోనికి దింపిన కడ్డీ పొరలు ఎంత దిగినవో మిల్లీమీటర్లలో చెప్పును, లాంగ్‌వాల్ గనిలో కప్పును మోయు ఇనుప ఆధారముల కాళ్లలోని నూనె ఒత్తిడి బరువు పెరుగుటను చెప్పును. 2014లో పని ప్రారంభించిన అడ్రియాల గని ఇట్టి యంత్రములతో నడచునది.

అయినచో కెమేరాతో పనియేమి? పని కలదు, కాని అది ఒంటరిగా కాదు. ఒత్తిడి అంకె పెరిగిన క్షణమున ఆ చోట ఎవరు ఉండిరి, బెల్టు నడచుచుండెనా, ఏ యంత్రము ఆగినది అను ప్రశ్నలకు చిత్రము బదులు చెప్పగలదు. దీనికి ఒత్తిడి రికార్డు, వాయువు రికార్డు, చిత్రము రికార్డు ఒకే గడియారమును అనుసరింపవలెను, ఒకే తెరపై ప్రక్కప్రక్కన నిలువవలెను. ఆ మూడు సాధనములును సామాన్యముగా మూడు కంపెనీలవి. కంపెనీల లిపులు కలియకున్నచో, ప్రమాదము తరువాత విచారణకు కూర్చున్నవారియెదుట మూడు ముక్కల కథ మిగులును. సంసర్గము, అనుకూలత అను మాటలు వ్యాపార పత్రములలో పొడిగా వినబడును. గనిలో వాటి అర్థము ఇంత దూరము పోవును.

సాక్ష్యముగా నిలుచునా?

చిత్రము న్యాయస్థానమునకు చేరినపుడు లిపి సమస్య మరియొక రూపము దాల్చును. ఇది ఆ యంత్రము వ్రాసినదేనా, నడుమ ఎవరైన దిద్దిరా? మహారాష్ట్రలో జాల్నా నియోజకవర్గపు 2014 ఎన్నికలో నామినేషను పత్రములు గడువులోపల అందినవా లేదా అను వివాదము ఎన్నికల అధికారి కార్యాలయపు వీడియో రికార్డుమీదనే ఆధారపడినది. ఆ కేసులో 2020 జూలై 14న సుప్రీంకోర్టు, ఎలక్ట్రానిక్ రికార్డు నకలును సాక్ష్యముగా చూపునపుడు చట్టము కోరిన ధ్రువపత్రము తప్పనిసరియని తీర్పు చెప్పినది. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము ఆ ధ్రువపత్రములో హ్యాష్ విలువను కూడ కోరుచున్నది.

హ్యాష్ అనగా ఒక ఫైలులోని అంకెలనన్నిటిని ఒక నిర్ణీత సూత్రముతో నలిపి తీసిన చిన్న ముద్ర. ఎస్.హెచ్.ఎ.-256 అను సూత్రముతో తీసిన ముద్ర 64 అక్షరములుండును. ఫైలు చిన్నదైనను గిగాబైట్లలోనున్నను అంతే. ఫైలులో ఒక్క బిట్టు మారినచో ముద్ర యావత్తును మారిపోవును. ముద్రనుండి ఫైలును తిరిగి తయారుచేయుట సాధ్యము కాదు. పాఠశాల కంప్యూటరులోనే ఈ ప్రయోగము చేయవచ్చును: ఒక ఫైలు ముద్ర తీసి, దానిలో ఒక చుక్క మార్చి, మరల తీసి పోల్చవలెను.

కెమేరాలే శత్రువుల చేతికి చిక్కుట కూడ జరిగినది. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము, ఫ్యాక్టరీలో పెట్టిన అరువదికి పైగా పేరు–పాస్‌వర్డు జంటలను వరుసగా ప్రయత్నించి, ప్రపంచమంతట మార్చని పాస్‌వర్డులు గల కెమేరాలను, రికార్డరులను వశము చేసికొనెను. ఆ సంవత్సరము అక్టోబరు 21న ఆ సైన్యముతో చేసిన దాడికి అమెరికాలో పెద్దపెద్ద వెబ్‌సైట్లు గంటలపాటు స్తంభించినవి. భారత ప్రభుత్వము 2024 ఏప్రిల్ 9న సీసీ కెమేరాలకు భద్రతా నియమములను ప్రకటించి, సంవత్సరము తరువాత అమలు చేసినది. పరీక్షకు నిలువని కెమేరాను ఇప్పుడు దేశములో అమ్మరాదు.

చిత్రమును ఎంతకాలము దాచవలెనన్నది చట్టమును బట్టి మారును. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లో చేసిన ప్రజాభద్రతా చట్టము జనము గుమిగూడు సంస్థలు కెమేరాలు పెట్టి 30 దినముల చిత్రమును ఉంచవలెనన్నది. 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు పోలీసు స్టేషనులన్నిటిలోను రాత్రి చూపు, ధ్వని గల కెమేరాలు పెట్టి 18 నెలల రికార్డు ఉంచవలెనని, అట్టి సాధనము దొరకనిచోట కనీసము ఒక సంవత్సరమైన ఉంచవలెనని ఆజ్ఞాపించినది. పై లెక్క ప్రకారము 18 నెలలకు ఒక్కొక్క కెమేరాకు సుమారు 11,800 గిగాబైట్లు కావలెను. 30 దినములకైనచో 648 చాలును. ఈ రెండంకెల నడుమనున్న ఖర్చునుబట్టియే చాలచోట్ల దాచు గడువు నిశ్చయమగును.

డిస్కు నిండినంతనే రికార్డరు ఎవరిని అడుగక అన్నిటికంటె పాత దినమును చెరిపి దానిపై క్రొత్త దినమును వ్రాయును. ఒక సంఘటన చిత్రము కావలసినవారు ముప్పది దినములలోపల ఆ భాగమును తాళము వేయించి, వేరొక కంప్యూటరు చదువగల రూపమున నకలు తీయించి, గడియారము తేడాను వ్రాసికొని, హ్యాష్ ముద్రతో భద్రపరచినచో అది నిలుచును. ముప్పదియొకటవ దినమున అడిగినవారికి రికార్డరు చూపునది వేరొక దినపు చిత్రము.